హనుమయ్యగారి తొట్టిలో వినాయక నిమజ్జనం

ఆకివీడు దగ్గర హనుమయ్య చిన్నాన్న కొడుకులకు చేపల చెరువులు ఎకరాల లెక్కన ఉన్నాయి. ఒక గట్టు మీద నిలబడి చూస్తే అవతలి గట్టు మీద మనిషి కాకిలా కనిపిస్తాడు. అదే వంశంలో పుట్టిన హనుమయ్యకు మెల్‌బోర్న్ పడమటి కొసన, టార్నీట్‌లో, పెరట్లో బట్టలారేసే తీగ పక్కన ఒక చెక్క తొట్టి ఉంది. దాని చుట్టూ తిరిగి రావడానికి చెప్పులు కూడా తొడుక్కోనక్కర్లేదు. అందులో వేలిగోరంత చేపలు కొన్ని, ఒక కలువ దుబ్బు, నాలుగాకుల నీటిమొక్క ఒకటి. ఒకసారి వీడియో కాల్‌లో ఎంతో మురిపెంగా వాటిని చూపిస్తే, అవతల తమ్ముడు సుమంత్ ఫోను దగ్గరకు లాక్కుని, దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరకు లాక్కున్నాడు.

"ఇయ్యి పిల్లలు కదన్నయ్యా. వల వేసి పట్టుబడి ఎప్పుడు?"

"ఇవి ఇంతేరా. పెరగవు."

"పెరగనివాటికి మేతెందుకన్నయ్యా?"

పొద్దున్నే కాఫీ గ్లాసుతో తొట్టి దగ్గర నిలబడగానే తన నీడ చూసి అవన్నీ పైకి వస్తాయని, పక్కల మీద సన్నటి వెండిగీత, తోక దగ్గర కాస్త ఎరుపు మెరుస్తాయని, ఈ ఇంట్లో తనను చూడగానే ఎదురొచ్చే ప్రాణులు అవే అని తమ్ముడికి చెప్పుకోలేడు కదా. వైట్ క్లౌడ్స్ అంటారు వాటిని. చలికి తట్టుకుంటాయని షాపువాడు చెప్పాడు. చలికి తట్టుకున్నాయి గానీ హనుమయ్య ఆప్యాయతకు తట్టుకోలేకపోయాయి. మొదటి జట్టు నీళ్ళు మార్చినప్పుడు పోయింది. రెండో జట్టును తొట్టి కడుగుదామని బకెట్‌లోకి మార్చాడు, అది బకెట్‌లోనే పోయింది. ఈ మూడో జట్టును చెయ్యి పెట్టకుండా వదిలేస్తే చలికాలమంతా కలువ వేళ్ళ మధ్య దాక్కుని, ఆగస్టు గాలులు దాటి, బతికి బయటపడింది. ఆ సంతోషంలో ఆయన పనిచేసేచోట లడ్డూలు పంచి, ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఇంతకీ ఆ తొట్టి సంగతి కొంచెం ఉంది. అది మధ్యకు కోసిన వైన్ పీపా. ఊరి బయట ద్రాక్షతోటల దారిలో అమ్మకానికి పెడితే హనుమయ్య మనసు పడ్డాడు. ట్రుగనీనా గోడౌన్‌లో తనతో పాటు పనిచేసే మజీద్ వెనక ట్రక్కులా తెరిచి ఉండే తన యూట్ బండిలో వేసుకొచ్చి దించాడు. వారాల తరబడి తోమినా ఎండ తగిలితే చెక్కలోంచి పుల్లటి వాసన ఒకటి లేచేది. నియమనిష్ఠలు గల తెలుగువాళ్ళ వీధి కావడంతో అడిగినవాళ్ళందరికీ హనుమయ్య "ఓక్ చెక్కండి, యూరోపియన్ స్టైల్" అని చెప్పాడు. ఎండాకాలంలో అందులో పూసిన కలువలు నాలుగిళ్ళ అవతల మంగతాయారు గారి పూజగదికి శుక్రవారం శుక్రవారం వెళ్ళేవి.

మంగతాయారు గారిది రాజమండ్రి. వీధిలో ఏ పూజ జరిగినా టైమూ, చీర రంగూ, ప్రసాదం ఎవరు ఏది తేవాలో ఆవిడే నిర్ణయిస్తారు. హనుమయ్య కంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఆయన అక్కయ్యగారూ అంటాడు, ఆవిడ తమ్ముడూ అంటారు. వినాయక చవితికి రెండు రోజుల ముందు ఆవిడ కలువాకుల కోసమని వచ్చి, తొట్టి ముందు చాలాసేపు నిలబడిపోయారు.

"తమ్ముడూ, ఏటా వినాయకుణ్ణి బకెట్‌లో ముంచుతున్నాం. మాప్ కర్ర పక్కకి జరిపి దేవుణ్ణి ముంచడం నాకు మనసొప్పట్లేదయ్యా. క్రీక్ వాగులో వేద్దామంటే ఎవరు ఫొటో తీసి ఫిర్యాదు చేస్తారోనని భయం. ఇదిగో, నీళ్ళు, కలువలు, చేపలు. చిన్న గోదారిలా లేదూ?"

అందరికీ తెలిసిన విషయం ఏమిటంటే, హనుమయ్యకు కాదనడం రాదు. మొహమాటం. ఆయనకు పాట రాకపోయినా భజన మండలిలో ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులున్నా క్రికెట్ టీములో ఉన్నాడు. పక్కింటివాళ్ళు ఊరెళుతూ అప్పగించిన కుందేలు, వాళ్ళు తిరిగొచ్చి ఏడాదైనా ఇంకా ఈయన గరాజ్‌లోనే ఉంది. ఇలాంటి మనిషి, గోదారితో పోల్చాక ఏమంటాడు?

"అంతకంటేనా అక్కయ్యగారూ. ఇది మీ ఇల్లనుకోండి" అన్నాడు.

ఆవిడ ఒక్క వినాయకుడి సంగతే అడుగుతున్నారనుకున్నాడు. సాయంత్రానికి వీధి వాట్సాప్ గ్రూపులో కలువల మధ్య తన తొట్టి ఫొటో ప్రత్యక్షమైంది. కింద "ఈ ఆదివారం సామూహిక నిమజ్జనం, హనుమయ్య గారి ఆప్యాయ ఆహ్వానం మేరకు" అని ఉంది. దాని కింద దణ్ణాలు, పువ్వులు, మళ్ళీ దణ్ణాలు.

భార్య శ్యామసుందరి ఫోను ఆయన ముందు పెట్టింది. "చదువుకున్నారా? మీ నోటంట 'కుదరదు' అన్న మాట ఒక్కసారి వినాలని పెళ్ళయిన దగ్గర్నుంచీ కాచుకుని కూచున్నా. ఆ బుల్లి నీళ్ళలో అంత మట్టి పడితే మీ చేపలు ఒక్కటైనా మిగుల్తుందా?"

"మిగలదు."

"అయితే తీసి బకెట్‌లో వెయ్యండి."

"కిందటిసారి బకెట్‌లోనేగా పోయాయి!"

"అయితే వద్దని చెప్పండి."

"ఎలా చెప్తాను? దేవుడి పని. చేపల కోసం దేవుణ్ణి కాదన్నాడంటారు. అందరూ ఏమనుకుంటారు?"

కూతురు అపూర్వ ఫ్రిజ్ దగ్గర్నుంచి తల తిప్పకుండానే, "డాడ్, జస్ట్ సే నో. ఇట్స్ వన్ వర్డ్" అంది. పదహారేళ్ళ పిల్ల. దానికేం తెలుసు, ఆ ఒక్క మాట ఎంత బరువుంటుందో!

హనుమయ్య వద్దనకుండా వద్దనిపించే మార్గాలు వెతికాడు. నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయని గ్రూపులో పెట్టాడు. "హిమాలయాల్లో పుట్టిన తల్లి బిడ్డకి చలేమిటి తమ్ముడూ" అని మంగతాయారు గారు జవాబిచ్చారు. తొట్టి చిన్నదన్నాడు. మన విగ్రహాలూ చిన్నవే, వరసలో వేద్దాం అన్నారు. పెరట్లో దోమలున్నాయన్నాడు. ముగ్గురు దోమల మందు తెస్తామని, ఒకరు దోమలు కొట్టే బ్యాట్ తెస్తామని పేర్లిచ్చారు. ఆయన ఒక్కో అడ్డు చెప్పినప్పుడల్లా కొత్తగా ఒక కుటుంబం సాయానికి బయల్దేరుతోంది. దాంతో భయపడి ఊరుకున్నాడు.

శుక్రవారం టీ బ్రేక్‌లో మజీద్ ఈయన మొహం చూశాడు.

"ఏందన్నా, గట్లున్నవ్?"

హనుమయ్య కథంతా చెప్పాడు. మజీద్ నవ్వు ఆపుకోలేక టీ కప్పు కింద పెట్టేశాడు.

"గిదా పరేషాన్? అది వైన్ పీప అని చెప్పేయన్నా. దేవుణ్ణి వైన్ పీపల ఎవరు ముంచుతరు? ఒక్కలు గూడ రారు. దాన్ని తెచ్చినంక నా బండి నేను ఎన్నిసార్లు కడుక్కున్ననో నాకే ఎరుక."

ఉపాయం బాగుంది. కాకపోతే అందులో ఒక చిక్కుంది. ఏడాదిగా ఆ వైన్ పీపాలో పూసిన కలువలు ఎవరి దేవుడి నెత్తిన ఎక్కాయో కూడా ఒప్పుకోవాలి. హనుమయ్య శనివారమంతా తొట్టి చుట్టూ తిరిగాడు. చేపలు ఆయన నీడ పడినప్పుడల్లా మేతకేమోనని పైకొచ్చి, ఏమీ రాలకపోతే కిందికి పోయాయి. పరువా, చేపలా అన్నది తేల్చుకోలేక ఆయన మేత మాత్రం రెండుసార్లు వేశాడు.

ఆదివారం మధ్యాహ్నానికి పెరడు నిండిపోయింది. పట్టుచీరలు, వాటి మీద చలికి తొడిగిన పఫర్ జాకెట్లు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో వినాయకుడు. మట్టివే. అయితే పిల్లలు వాటికి నీలం రంగు, గులాబీ రంగు వేసి, తొండాల మీద వెండి మెరుపుపొడి దట్టంగా అద్దారు. ఒక బుట్ట నిండా పత్రి. హరిప్రియ అనే కొత్తగా వచ్చిన అమ్మాయి తన చంటివాడి చేత చేపలకు పెట్టించాలని గిన్నెలో ఉండ్రాళ్ళు కూడా తెచ్చింది. ఆ ఉండ్రాయి ఒక్కోటి తన చేపలు నాలుగింటిని కలిపినంత ఉంది.

మంగతాయారు గారు హారతి పళ్ళెంతో ముందుకొచ్చారు. "మొదటి వినాయకుడు ఇంటివారిది. తమ్ముడూ, కానీయ్."

"అక్కయ్యగారూ, ఒక్క నిమిషం." గొంతు సవరించుకున్నాడు. "అందరూ నన్ను క్షమించాలి. ఇది... ఓక్ చెక్కే. అబద్ధం కాదు. కానీ, ఇది వైన్ పీపా అండి."

శ్యామసుందరి కళ్ళు మూసుకుంది. మంగతాయారు గారు పళ్ళెం హరిప్రియ చేతికిచ్చి, వంగి, తొట్టి పక్కన చెక్కలో కాల్చి వేసిన ముద్రను గోటితో గీరి చూశారు.

"ఎర్రదా, తెల్లదా?"

"ఎర్రదండి."

"నా కలువలు ఇందులోవేనా?"

"ఇందులోవేనండి."

ఆవిడ నిటారుగా నిలబడి దీర్ఘంగా ఊపిరి తీశారు. హనుమయ్య లోపల్లోపల సంతోషించాడు. పరువు పోయింది, చేపలు దక్కాయి. ఇక అందరూ వెళ్ళిపోతారు.

"ఎన్నేళ్ళ నాటి మాటయ్యా అది. అన్ని వానలు పడ్డాక ఇంకా వైనెక్కడిది?" అన్నారు ఆవిడ, పూజలన్నింటికీ తీర్పు చెప్పే గొంతుతో. "కాస్త పసుపు చల్లితే మైల పోతుంది. అమ్మాయ్, ఇలా ఇయ్యి."

పళ్ళెంలోంచి పసుపు గుప్పిట్లోకి తీసుకుని ఆవిడ తొట్టి మీదికి వంగారు. నీళ్ళ మీద నీడ పడింది. నీడ పడగానే, మేత వేళ అనుకుని, చేపలన్నీ పైకి వచ్చేశాయి. వెండిగీతలు మెరుస్తుంటే, ఆవిడ గుప్పిటి కింద నోళ్ళు తెరుచుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"వద్దు!" అన్నాడు హనుమయ్య.

అది అరుపులా వచ్చింది. ఎవరన్నారోనని ఆయన కూడా ఒకసారి వెనక్కి చూశాడు. మంగతాయారు గారి గుప్పిట గాల్లో ఆగిపోయింది.

"వద్దండి. చచ్చిపోతాయి. పసుపు వద్దు, మట్టి వద్దు, ఉండ్రాళ్ళు అసలే వద్దు. రెండు జట్లు చంపుకున్నాక దక్కినవివి. ఇందులో నిమజ్జనం కుదరదండి."

ఇక ఈ వీధిలో తన ముఖం చూసేవాళ్ళుండరని, ఇల్లు అమ్ముకుని ఎక్కడో దూరాన ఏ గంగాలిన్‌కో పోవాలని హనుమయ్య నిశ్చయించుకున్నాడు.

"చచ్చిపోతాయా?" అన్నారు మంగతాయారు గారు. "చేపలు మట్టిలోనే కదయ్యా ఉండేది?"

"ఈ మట్టిలో కాదండి. ఇంత నీళ్ళలో అంత మట్టి పడితే వాటికి ఊపిరాడదు."

"అయ్యో రాత! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా తమ్ముడూ! వారం నించీ చలి, దోమలు అంటావేగానీ, చేపలు పోతాయని ఒక్కసారన్నా అన్నావా? దేవుడి పేరుతో ప్రాణులు తీయిస్తావా నా చేత?"

ఆవిడ గుప్పిట్లో పసుపు జాగ్రత్తగా పళ్ళెంలో పోసి, చెయ్యి కొంగుకు తుడుచుకున్నారు.

హరిప్రియ మెల్లిగా అంది. "అంకుల్, ఏమీ అనుకోకండి. నిజానికి మేం ఇంట్లోనే బకెట్‌లో కలిపేసి గులాబీ మొక్కకి పోద్దామనుకున్నాం. మీరంత ప్రేమగా పిలిచారని వచ్చాం. రాకపోతే మీరు ఫీలవుతారని."

"మేమూ అంతేనండి" అన్నాడు దోమల బ్యాటు పట్టుకున్నాయన. "లేకపోతే ఇవాళ మా వాడికి ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది."

ఒక్కొక్కరే అసలు సంగతి బయటపెట్టారు. ఆ పెరట్లో ఉన్నవాళ్ళంతా హనుమయ్య మనసు నొప్పించకూడదని వచ్చినవాళ్ళే. ఆయన వాళ్ళకోసం, వాళ్ళు ఆయన కోసం వారం రోజులుగా అవస్థ పడుతున్నారు. శ్యామసుందరి నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కోరిక తీరిన మొహంతో అందరికీ కాఫీలు పెట్టింది.

కాఫీలయ్యాయి. చేతుల్లో వినాయకులు మాత్రం అలాగే ఉన్నారు. అప్పుడు అపూర్వ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వీధి వ్యవహారంలో నోరు పెట్టింది.

"ఆంటీ, యూ హావ్ దట్ హ్యూజ్ బాత్, నో? ద వైట్ వన్?"

అందరి మొహాలూ వెలిగాయి. మంగతాయారు గారి కొత్త బాత్‌రూమ్‌లో గది మధ్యన కాళ్ళ మీద నిలబడ్డ పాలరాతి రంగు స్నానపు తొట్టి ఒకటుంది. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరికీ ముందు పూజగది, తరవాత అది చూపించారు. అంచు మీద మడిచి పెట్టిన తువాళ్ళు ఈనాటికీ విప్పలేదు. అందులో ఇంతవరకూ ఎవరూ కాలు పెట్టలేదని వినికిడి.

"అవునాంటీ! ఎంత విశాలంగా ఉంటుందో! చేపలు కూడా లేవు" అంది హరిప్రియ.

మంగతాయారు గారు నవ్వారు. పెదవులు మాత్రమే సాగి, కళ్ళు సాయం కోసం అటూ ఇటూ వెతికే నవ్వు. హనుమయ్యకు ఆ నవ్వు బాగా తెలుసు. ఫొటోల్లో రోజూ చూసుకునేదే.

"అంతకంటేనా" అన్నారు ఆవిడ. "ఆ మాత్రం భాగ్యం నాకు కలగొద్దూ? రండి, రండి."

ఊరేగింపు పక్క గేటులోంచి పేవ్‌మెంట్ మీదికి మళ్ళింది. హనుమయ్య తన వినాయకుణ్ణి పట్టుకుని ఆవిడ పక్కన నడిచాడు. రెండిళ్ళు దాటాక ఆవిడ గొంతు తగ్గించారు.

"తమ్ముడూ, ఈ మట్టి ఆ గొట్టంలో అడ్డం పడితే?"

"పడుతుందండి. ఆ వెండిపొడి కూడా తొట్టికి అంటుకుంటుంది. వదలదు."

"మరేం చెయ్యమంటావు?"

"వద్దని చెప్పేయండి అక్కయ్యగారూ. ఏమీ అనుకోరు. ఇందాక చూశారుగా!"

ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగారు. పట్టుచీరలు, జాకెట్లు, పిల్లలు, నీలం వినాయకుడు, గులాబీ వినాయకుడు. అందరూ ఆవిడ వంకే ఆశగా చూస్తున్నారు.

"బాగుందయ్యా చెప్పొచ్చావు. అందరూ బయల్దేరాక ఇప్పుడెలా చెప్తాను? ఏమనుకుంటారు?" అని, కొంగు సర్దుకుని, అందరికంటే ముందుకెళ్ళి, అందరికంటే గట్టిగా "జై బోలో గణేశ్ మహరాజ్‌కీ" అని అందుకున్నారు.

"జై" అన్నాడు హనుమయ్య, జాలిగా.