అద్దాల పెట్టెలో ఉప్పు

ఇందులో ప్రతి మాటా నిజం. మా చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి మీద ఒట్టు. నా నోట అబద్ధం తప్ప రాదని ఊళ్ళో పేరుంది గనక, ఆ ఒట్టు చాలదన్నవాళ్ళకు మా చెరకుతోట మీద కూడా వేస్తాను. తోట మీద నేను ఊరికే ఒట్టు వెయ్యను.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. నా భార్య మా మేనత్త కూతురు. సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళ ఊరు ఆమెది. ఉప్పులో పుట్టి ఉప్పులో పెరిగిన ఆ నాలుకకు తిరుగు లేదు. మా వీధిలో ఎవరింట పెళ్ళయినా, గుండిగ దించేముందు ఉప్పు చూడమని ఆమెకు కబురొచ్చేది. ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని, కళ్ళు మూసుకుని, నాలుకకు తాకించేది. ఆమె "సరిపోయింది" అన్నాకే వడ్డన. కోడలిలో మా అమ్మ పదిమందిలో చెప్పుకునే గొప్ప అదొక్కటే.

ఒక చలికాలం ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ తిండి పోయింది. రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. డాక్టరు నన్ను వీధిలోకి పిలిచి, "తినకపోతే ఈ మనిషి నిలవదయ్యా" అన్నాడు. ఎందుకు తినడం లేదో ఆమె చెప్పదు. అంత నీరసంలోనూ పొయ్యి మాత్రం వదిలేది కాదు. కూర ఒకపూట చప్పన, ఒకపూట నోట పెట్టలేనంత ఉప్పు.

"మనసెక్కడ పెట్టి ఒండుతన్నావే?" అని అమ్మ సాధించేది.

మనసు పుట్టింటి మీద ఉందనుకున్నాను నేను. తీసుకెళ్దామంటే ఆ గతుకుల రోడ్డు మీద అంత దూరం తట్టుకునే ఒళ్ళు కాదు.

"పోనీలే, సముద్రాన్నే ఇక్కడికి తెచ్చేస్తాను" అన్నాను.

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. "కోతలు సాలించు బావా."

మిఠాయి కొట్టు వెనక పడేసిన అద్దాల పెట్టె ఒకటి అడిగి తెచ్చాను. కిటికీ అద్దాలకు పెట్టే లప్పంతో అతుకులు పూసి, మంచం పక్కన బల్ల మీద పెట్టాను. బండి కట్టుకుని ఆమె పుట్టింటికి పోయి, కొత్తకుండల నిండా సముద్రం ముంచి, మూతులకు గుడ్డలు కట్టుకుని బయల్దేరాను. ఆ రోజుల్లో మద్యనిషేధం. అనకాపల్లి దాటగానే ఒక కానిస్టేబులు బండి ఆపాడు.

"కుండల్లో ఏటి?"

"సముద్రం బాబూ."

"నాతోనే పరాసికమా? ఇప్పు."

విప్పాను. దోసిట్లో పోసుకుని ఆశగా ఒక గుక్క మింగాడు. దగ్గి దగ్గి మీసాలు తుడుచుకున్నాడు.

"ఎవులు తాగుతార్రా ఇది?"

"సేపలు బాబూ."

బండి వదిలేశాడు.

చేపలంటే బొటనవేలంత చారల చేపలు. ఒడ్డున రాళ్ళ మధ్య గుంటల్లో పట్టినవి. వాటిని పెట్టెలో వదలగానే ఆమె లేచి కూర్చుంది. ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తింది. ఈ చేపలు బతికినన్నాళ్ళు ఈమె తింటుందని నాకు నేనే లెక్క కట్టుకున్నాను.

ఎండలు ముదిరాయి. పెట్టెలో నీళ్ళు దిగిపోతుంటే, సముద్రపు పెట్టెలో సముద్రపు నీళ్ళే పోయాలి గదా అని, దాచిన కుండల్లోంచి పోసి నింపుతూ వచ్చాను. పోసినప్పుడల్లా ఆమెను అడిగేవాణ్ణి.

"ఉప్పు సూడే."

వేలు ముంచి నాలుకకు తాకించేది. "సరిపోయింది బావా. అచ్చం మా ఊరి నీరే."

చేపలు మందగించాయి. ఒకటి వెల్లకిలా తేలింది. నీళ్ళు పాతబడ్డాయేమోనని ఇంకో కుండ పోశాను. సరిపోయిందనే అంది. ఇంకోటి తేలింది. అద్దం మీద నీటి అంచున తెల్లగా పెచ్చు కట్టింది. గోరుతో గీకి నోట్లో వేసుకుంటే అది ఉప్పు. అప్పుడు పెట్టెలో నీళ్ళు కూడా నోట్లో పోసుకున్నాను. చేదెక్కిపోయి నాలుక మండింది.

ఏటేటా గానుగ దగ్గర పెద్ద బెల్లపు పెనంలో చెరకురసం కాచేవాణ్ణి. నీరు ఆవిరైపోతుంది, తీపి పెనంలోనే ఉండిపోయి పాకమవుతుంది. మా ఊళ్ళో ఏ చిన్న గుంటణ్ణి అడిగినా చెబుతాడు ఆ సంగతి. మంచం పక్కన నేను ఉప్పుకు పాకం పడుతున్నానని మాత్రం తట్టలేదు. తగ్గినంత మేరా మంచినీళ్ళు పోయాల్సింది. సరే, నా తెలివి అంతే. మరి ఆమె నాలుకకేమైంది?

నా బుద్ధే పరాచికాల బుద్ధి. గ్లాసుతో నూతినీళ్ళు పట్టుకెళ్ళి, "కొత్త కుండ ఇప్పేను, ఉప్పు సూడు" అన్నాను. వేలు ముంచింది. పెళ్ళి గుండిగ దగ్గర మూసుకున్నట్టే కళ్ళు మూసుకుంది.

"సరిపోయింది బావా."

నవ్వుదామని మొదలుపెట్టినవాణ్ణి, నాకే నవ్వు రాలేదు. "ఇయ్యి మన నూతినీళ్ళే" అన్నాను.

గ్లాసు పక్కకు నెట్టేసింది. "జొరం దిగినకాణ్నించీ ఏటీ తెలీదు బావా. అన్నవైనా మన్నయినా ఒకటే. అత్తకు సెప్పకు. ఉప్పు సూడలేని కోడలు దేనికంటాది."

అమ్మకు చెప్పలేదు. కూర దించేముందు నేనే దొంగచాటుగా ఉప్పు చూసి కంటితో సైగ చేసేవాణ్ణి.

"మగోడివి, పొయ్యికాడ నీకేటి పన్రా?" అనేది అమ్మ.

"ఆకలే."

"కూర కంచంలోకి రాకుండానే అయిపోతంది నీ ఆకలికి."

పెట్టెలో ఒక చేప మిగిలింది. కొంత నీరు తోడేసి, చెంబుతో కొద్దికొద్దిగా నూతినీళ్ళు కలుపుతూ, నా నాలుకనే నమ్ముకుని సముద్రపు రుచికి దించాను. ఒక పొద్దున ఆమె తనంతట తనే వేలు ముంచి నోట పెట్టుకుంది. మొహం చిట్లించి, తుపుక్కున ఉమ్మేసింది. "అబ్బ, ఉప్పు బావా" అంది. గంజి అడిగి, మాగాయ నంచుకుని గిన్నెడూ తాగింది. ఆ తరవాతి పెళ్ళికి మళ్ళీ ఆమెకే కబురొచ్చింది.

ఈ పైన చెప్పిన ఆ పొద్దుటి సంగతి నేను అల్లింది. నీళ్ళు కలిపింది నిజం, ఆ తరవాతిది కాదు. ఆమె ఉమ్మలేదు, గంజి అడగలేదు. చేప ఆ వారంలోనే పోయింది. ఆమె వానలు పడకముందే పోయింది. చివరివరకూ నేను బతిమాలితే నాకోసం నమిలేది, అంతే. కానిస్టేబులు మింగింది నిజం. నూతినీళ్ళూ నిజమే.

కర్మకాండలయ్యాక పెట్టె ఖాళీ చేద్దామనుకున్నాను. ఆ నీళ్ళు ఎక్కడ పారబోయాలి? పెరట్లో అరటి, గట్టు అవతల చెరకు, ఆ పైన వరి నారుమడి. ఎక్కడ పోసినా పచ్చనిది మాడుతుంది. ఆ నీళ్ళను తిరిగి కుండల్లోకి ఎత్తుతుంటే అమ్మ వచ్చి గుమ్మంలో కూలబడింది.

"దానికి ఉప్పు తెలిసేది కాదురా" అంది.

"నీకెవులు సెప్పేరు?"

"ఒకరు సెప్పాలా. ఆ కూరలు తిన్నదాన్ని."

"తెలిసుండీ అంతలా సాధించేవేం?"

"సాధించడం మానేస్తే, నాకు తెలిసిపోయిందని దానికి తెలిసిపోదా?"

నేను కుండ మూతికి గుడ్డ కట్టాను. అమ్మ రెండో కుండ పట్టుకుంది.