అవ్వ నేర్పిన నిద్ర

మా అవ్వ సోమవారం పొద్దుగాల పోయింది. నాకు రక్తసంబంధం కాదు. కమఠాణ ఊరి తొవ్వల హైదరాబాదోళ్ల పైసలతోటి లేస్తున్న బిల్డింగుల కాడ మేం ఇటుకలు మోస్తుంటే, మా పిల్లల్ని చూసుకున్న ముసలామె.

ఆమె రాకముందు పిల్లల సంగతి మేస్త్రీ చూసేటోడు. చూసుడంటే ఏందో చెప్తా. సిమెంటు బస్తాల ఎనుక చీకట్ల పండబెట్టి దగ్గుమందు నాకించేటోడు. పిల్ల ఏడిస్తే తల్లి పని ఇడిసి ఉరుకుతదని ఆయన బాధ. నా బిడ్డ పగలంతా పీనుగు లెక్క పడి ఉండేది, రాత్రంతా ఏడ్చేది. నేను ఇటుకలు నెత్తిన పెట్టుకొనే కునికేదాన్ని.

అవ్వ వచ్చిన రోజే ఆ సీసా గుంజుకొని ఇసుకల ఒంపింది. "రాత్రి నిద్ర పొద్దుగాల్నే మొదలైతదే పిచ్చిదానా" అన్నది నాతోటి. పిల్లల్ని వెలుతుర్ల, మనుషుల సప్పుడుల ఉంచేది. మేల్కొన్నోళ్లతోటి నోరు నొయ్యంగ ముచ్చట పెట్టేది. నిద్రొస్తే ఆపేది కాదు. "పొద్దుగూకంగనే దీపం తగ్గించు, గొంతు తగ్గించు, రోజూ ఒక్కతీర్గనే వెల్లకిల పండబెట్టు" అని చెప్పి ఇంటికి పంపేది. కొన్నాళ్లకే నా బిడ్డ రాత్రిపూట పండుకున్నది.

మేస్త్రీ ఊరుకుంటడా? "ఏ ముసల్దానా, ఇది సైటా, అంగన్‌వాడీనా?" అని అరిచి గేటు బయటికి నూకిండు. ఆమె బయటనే గోనెపట్ట పరుచుకొని కూసుంది. మేం పిల్లల్ని అక్కడికే తీస్కపోయినం. అవ్వ ఆయన్ని ఒక్క మాట అనలే. నేను మాత్రం మరువలే.

సోమవారం పాడె ఇంకా లేవకముందే మేస్త్రీ వచ్చిండు. కండ్లు ఉబ్బి ఉన్నయ్. ఏడ్చి కాదు, నిద్ర లేక. మనుమడు పుట్టిండట. పగలు పర్దాలేసి సప్పుడు లేకుండ పండబెడుతుండ్రట, రాత్రంతా ఒకటే ఏడుపట.

"ముసలామె పిల్లల్ని పండబెట్టే ఇగురం నీకు తెల్సు గద. చెప్పు బిడ్డా."

నన్ను బిడ్డా అనుడు ఆ రోజే మొదలు.

చెప్పొద్దనుకున్న. కానీ ఆ పసోడు ఏం చేసిండు? అవ్వ నేర్పిందంతా చెప్పిన. మందు ముట్టద్దన్న. ఆఖరికి ఒకటి కలిపిన: "పొద్దుటిపూట నువ్వే ఎత్తుకొని బయట తిప్పాలె. నువ్వు అరిస్తే వాడు దడుసుకుంటడు, యాది పెట్టుకో." ఆ షరతు అవ్వది కాదు, నాది. ఉంటే నన్ను తిట్టేది. తిట్టనీ.

ఇప్పుడు మేస్త్రీ మనుమణ్ని భుజానేసుకొని సైటు ముందట తిరుగుతుండు. మూడో అంతస్తుల గోడ కట్టేటోడు వంకర కడుతుండు. మేస్త్రీ నోరు తెరుస్తుండు, మూస్తుండు, చెయ్యి ఊపుతుండు. పైనున్నోడు చెవికాడ చెయ్యి పెట్టి, "ఏందన్నా? ఇనొస్తలేదు!" అంటుండు. మేమంతా తట్టలు దించి చూస్తున్నం.