ఒంటికన్ను పాముకు స్కాన్

కళ్ళక్క రెండు చేతులూ కొండచిలువ మెడ కింద పెట్టి, దాని తలను స్కానర్ ముందున్న మెత్తటి దిండు మీదికి మెల్లగా జరుపుతోంది. అదిమి పట్టుకోవడం ఆమె పద్ధతి కాదు. అది నాలుక ఆడించడం మానేదాకా ఆగుతుంది.

ఆమె అసలు పేరు ఆసుపత్రిలో జీతాలిచ్చేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఒకప్పుడు కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీసేది. ఈ పశువుల ఆసుపత్రికి కంటి స్కానర్ వచ్చినప్పుడు, దాని అద్దాలు తుడవడానికని వచ్చి, నడపడం నేర్చుకుని, ఉండిపోయింది. గుచ్చకుండా, కోయకుండా, కంటిని తాకనైనా తాకకుండా వెలుతురుతోనే లోపలి పొరలను చూపే యంత్రమది. బల్లైనా తాబేలైనా ఆమె దగ్గరికే పంపుతారు.

పాము యజమాని బస్సు డ్రైవరు. వెంట బావమరిది వచ్చాడు. పాములకు రెప్పలుండవు. కంటి మీద అద్దంలాంటి పొర ఉంటుంది, కుబుసంతో పాటు అదీ ఊడుతుంది. పోయినసారి కుబుసం విడిచాక కుడికన్ను తెల్లగానే ఉండిపోతే, పాత పొర అంటుకుపోయిందని బావమరిది పట్టకారుతో లాగాడు. పొరతో పాటు కన్నూ పోయింది. ఇప్పుడు ఎడమకన్ను తెల్లబడింది.

"ఈసారి జాగ్రత్తగా లాగుతానంటే మా బావ వినడక్కా," అన్నాడు బావమరిది.

"నీకు రెప్పలున్నాయిగా, అవి లాక్కో," అన్నాడు డ్రైవరు.

డాక్టరమ్మ లోపలికి వచ్చింది. "కుబుసం విడిచేముందు రెండు కళ్ళూ ఒకేసారి తెల్లబడతాయి. దీనికి పోల్చి చూడ్డానికి రెండోది లేదు. ఒళ్ళు మసకబారింది కాబట్టి కుబుసమే అనిపిస్తోంది. కానీ ఉన్నది ఒక్క కన్ను. అనిపిస్తే సరిపోదు."

"కుబుసం కాకపోతే?" అన్నాడు డ్రైవరు.

"పొర కింద చీము పట్టి ఉండొచ్చు. అప్పుడు కోయాలి. కన్ను దక్కుతుందని మాటివ్వలేను."

కళ్ళక్క స్కాన్ మొదలుపెట్టింది.

మొదటి చిత్రం చెదిరింది. పాము కదల్లేదు. కదిలింది బల్ల, బావమరిది దానికి ఆనుకున్నాడు.

"తమ్ముడూ, ఆ గోడ ఖాళీగానే ఉంది," అంది కళ్ళక్క.

అతను వెళ్ళి గోడకు ఆనుకున్నాడు. పాము నాలుక మళ్ళీ ఆగేదాకా ఆమె ఆగింది. తెర మీద రెండు గీతలు తేలాయి, మధ్యలో సన్నటి నల్లటి సందు. కంటి నడిమి భాగం ఒక్కటే చూస్తే చాలదని, దిండు కొద్దిగా తిప్పి అంచులు కూడా తీసింది. సందు అంతటా ఒకేలా ఉంది.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "కింద కొత్త పొర తయారైంది. పాతది దానంతటదే విడుతోంది. చీము లేదు."

"ఏం చేయమంటారు?" అన్నాడు డ్రైవరు.

"ఏమీ చేయొద్దు. దీన్ని ఉంచే పెట్టెలో తడి ఆరిపోకుండా చూడండి."

"ఏమీ చేయకుండా ఉండడానికా ఇంత దూరం వచ్చాం?" అన్నాడు బావమరిది.

"నీకు అదే కదా కష్టం," అంది కళ్ళక్క.

చిత్రాల కాగితం డ్రైవరు జేబులో పెట్టించింది. కొండచిలువను గుడ్డసంచిలోకి దింపి, సంచి మూతి ముడివేసింది. బావమరిది చేతులు చాచాడు. ఆమె అతని పక్కనుంచి తప్పుకుని వెళ్ళి, సంచిని డ్రైవరు చేతుల్లో పెట్టింది.