గీయని కాలు

మొన్న టీవీలో యుద్ధం యుద్ధమంటూ ఇద్దరు సూటువాళ్లు గొంతులు చించుకుంటుంటే, రాజమండ్రిలో మా ఎదురు ఫ్లాటావిడ స్వీట్ల డబ్బా పట్టుకొచ్చింది. "మనవాళ్లు దిగారంటండీ, నోరు తీపి చేసుకోండి" అంది. ఆ నోటితోనే, "హాల్లో ఈ కుంటాయన బొమ్మేంటండీ, తీసెయ్యకూడదూ?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కుంటాయన మా నాన్న.

బొమ్మ వేసింది మా చిన్నాన్న, రామచంద్రపురంలో డ్రాయింగు మాస్టారు. మామిడిపండు గీస్తే దాని మచ్చా, తొడిమ దగ్గర జీడి కారిన చారా కూడా పడితేగాని ఊరుకునేవాడు కాదు. పెళ్లికూతుళ్ల బొమ్మలు ఆయనచేత వేయించాలంటే అందుకే ఊళ్లోవాళ్లు భయపడేవారు. నాన్న సరిహద్దులో మందుపాతర మీద అడుగేసి, ఎడమకాలు మోకాలిదాకా అక్కడే వదిలేసి వచ్చాడు. కొన్నాళ్లకి చిన్నాన్న మా వసారాలో స్టాండు పెట్టాడు. నూనెరంగుల వాసన అమ్మ చేపలపులుసు వాసనతో కలిసిపోయేది. బొమ్మలో తుపాకీ లేదు, జెండా లేదు. నవారు మంచం అంచున నాన్న, ఖాళీ ప్యాంటుకాలిని పైకి మడిచి పిన్నీసు పెడుతున్న అమ్మ, అంతే. అమ్మ ఒక్కటే అడిగింది: "నా కళ్లకింద నలుపు కూడా వెయ్యండి మరిదిగారూ. మీ అన్నయ్యొక్కరే యుద్ధానికెళ్లినట్టు వెయ్యకండి."

చిన్నాన్న బళ్లోనే నాన్నకి సన్మానం పెట్టారు. వేదికమీద ఉంచుదామని బొమ్మని ముందురోజే తెప్పించుకున్న కమిటీ పెద్దాయన మొహం మాడ్చుకున్నాడు. "రేపటికల్లా ఆ కాలేదో గీసెయ్యండి మాస్టారూ. పిల్లలు జడుసుకుంటారు."

బొమ్మ వెంట బడికొచ్చి చంకకర్రల మీద ఆనుకుని ఉన్న నాన్న, "గియ్యరా తమ్ముడూ. బొమ్మలో మొలిస్తే నాకూ మొలుస్తుందేమో చూద్దాం" అన్నాడు. నాన్న గొంతు అంత మెత్తగా వచ్చిందంటే ఎంత కోపంలో ఉన్నాడో మా ఇంట్లోవాళ్లకే తెలుసు. చిన్నాన్న బొమ్మని సైకిలుకి కట్టుకుని ఇంటికి తెచ్చేశాడు. మర్నాడు ఆ చోట క్యాలెండరులోని సిపాయిని తగిలించారు. ఆ రెండు కాళ్లవాడి కింద, వస్తానని మాటిచ్చిన పాపానికి వెళ్లిన నాన్నని కూర్చోబెట్టి దండ వేశారు. ఇంటికి రాగానే నాన్న ఆ దండని గేదె ముందు పడేశాడు. సన్మానానికి సంతోషించింది అదొక్కటే. పోయిన కాలికి చప్పట్లు కొట్టినవాళ్లు, లేని కాలిని బొమ్మలో కూడా చూడలేకపోయారు!

నాన్న పోయేదాకా ఆ లేని పాదం దురద పెడుతూనే ఉండేది. అమ్మ మంచం పక్కన కూర్చుని ఖాళీ దుప్పటి మీద గోళ్లతో గీరేది. "ఇంకాస్త కిందకి" అనేవాడు నాన్న. అమ్మ చెయ్యి ఇంకాస్త కిందకి జరిగేది. యుద్ధం అయిపోయిందని పేపర్లో వేసి అప్పటికి ఎన్నో ఏళ్లయింది. కాలమే అన్నీ మాన్పుతుందనేవాళ్లు ఆ దుప్పటి దగ్గర ఒక్క మధ్యాహ్నం కూర్చుని ఉండాల్సింది.