దఫాకు ఎనిమిది చెంబులు

నా చిన్నప్పుడు దబీర్‌పురాలో మా ఇంటి వెనక బర్రెల కొట్టం ఉండేది. మా బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు కలిసే పాలు పిండేవారు, గల్లీ గల్లీ తిరిగి కలిసే పోసేవారు. ఇంట్లో మాత్రం పొయ్యిలు వేరైపోయాయి. మా అమ్మకూ చిన్నమ్మకూ ఏదో చిన్న మాట మీద మొదలైన లొల్లి అంతదాకా వచ్చింది. వాకిలికి ఇటు మేము, అటు వాళ్లు, నడుమ అర్రలో నాయనమ్మ.

వాడుకగా కొనే ఇళ్లకు పోయగా మిగిలిన పాలను రోజూ సాయంత్రం రెండిళ్లకు పంచాలి. మేము ఐదుగురం, వాళ్లు ముగ్గురు. కాబట్టి మాకు ఐదు వంతులు, వాళ్లకు మూడు. ఈ పంపకం నాయనమ్మది. పాల బిందె ముందు పెట్టుకుని గడప మీద కూర్చునేది. అమ్మ గంజు ఇటు, చిన్నమ్మ గంజు అటు. చిన్న ఇత్తడి చెంబుతో ఇటు ఐదు, అటు మూడు, మళ్లీ ఇటు ఐదు, అటు మూడు. బిందె ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవడానికి లేదు. తేడా వచ్చిందన్న మాట తర్వాత పుట్టకూడదని ఆమె షరతు.

"అక్కా, నురుగంత మీ గంజులనే పడుతుంది" అనేది చిన్నమ్మ.

"నురుగు కూడ కావాల్నా చెల్లె? తీస్కో, దాంతోనే నెయ్యి తియ్యి" అనేది అమ్మ.

పగలంతా మాట్లాడుకోని ఆ ఇద్దరూ అక్కడ దెప్పుకుంటూనే నవ్వేసేవారు. ఉస్మాన్‌గంజ్‌లో పత్తిచెక్క ధర పెరిగిందనీ, నల్లబర్రె మేత సరిగ్గా తినడం లేదనీ బాపు, చిన్నబాపు చెప్పుకునేవారు. పిల్లలం మేము చిన్నమ్మవాళ్ల ఒళ్లోకి, వాళ్ల పిల్ల మావాళ్ల ఒళ్లోకి చేరేవాళ్లం.

నేను అప్పుడు ఐదో తరగతి. బడిలో నిష్పత్తి లెక్కలు మొదలయ్యాయి. నలభై మామిడిపళ్లను ఇద్దరికి మూడు, రెండు నిష్పత్తిలో పంచమన్నారు సారు. నేను నలభైని ముందు మూడుతో, తర్వాత రెండుతో భాగించాను. ఒక దాంట్లో శేషం మిగిలింది, ఇంకోదాంట్లో ఇరవై వచ్చింది. రెండూ కలిపితే నలభై కాలేదు. "పండు కోసి పంచుతవా ఏంది? మిగిలినయి ఎవరు తిన్నరు, నువ్వా?" అన్నారు సారు. తరగతంతా నవ్వింది. రేపు మళ్లీ బోర్డు దగ్గరికి పిలుస్తానని చెప్పి కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం నా ముఖం చూసి నాయనమ్మ సంగతి అడిగింది. విని చెంబు నా చేతికిచ్చింది. ఇటు ఐదు పోయమంది, అటు మూడు పోయమంది.

"గిదొక దఫా. దఫాకు ఎన్ని చెంబులు పోయినయ్?"

"ఎనిమిది."

"ఇగ బిందెల ఎన్ని దఫాలున్నయో చూడు. అంతే బిడ్డా, గింతకు ఏడుస్తరా?"

పోస్తుంటేనే అర్థమైంది. మామిడిపళ్లు దఫాకు ఐదు. నలభైలో ఎనిమిది దఫాలు. ఒకరికి ఇరవై నాలుగు, ఇంకొకరికి పదహారు. మర్నాడు బోర్డు మీద గబగబా చేసి చూపించాను. సారు నా భుజం తట్టారు. ఇంటికి నడిచి రాలేదు, పరుగెత్తాను.

సాయంత్రం అందరూ చేరగానే నేను ఆగలేకపోయాను. ఆ రోజు బిందెలో ఇరవై నాలుగు చెంబుల పాలున్నాయని నాయనమ్మ అంది. "అయితే మూడు దఫాలు! మాకు పదిహేను, చిన్నబాపోళ్లకు తొమ్మిది" అని అరిచాను.

"అరే, మనింట్ల పంతులమ్మ పుట్టింది!" అని చిన్నబాపు నన్ను ఎత్తుకున్నాడు. నన్ను దించుతూనే అన్నాడు, "గట్లయితే ఇటు ముంచి అటు ముంచుడెందుకే అవ్వా? పదిహేను ఒక్కతీర్గ పోసెయ్యి, మిగిలినయి మావి. పని ఒడుస్తది."

బాపు కూడా నిజమేనన్నాడు. నాయనమ్మ నా వైపు ఒకసారి చూసింది. పదిహేను చెంబులు ఇటు పోసింది, మిగిలింది అటు వంచింది. గంజులు ఎత్తుకుని ఎవరి ఇంట్లోకి వాళ్లు వెళ్లిపోయారు. చిన్నబాపు బిడ్డ, నా చిన్న చెల్లెలు, నా ఒళ్లో అప్పుడే కుదురుకుంది. దాన్ని చిన్నమ్మ లేపి తీసుకుపోయింది. వాకిలి ఖాళీ అయింది.

చెంబు కడుగుతూ నాయనమ్మ అంది, "గా లెక్క నాకెరుక లేదనుకున్నవా బిడ్డా? ఒక్కసారే పోస్తే అందరు జల్ది లేచిపోతరని పొయ్యలే."

"మరి ఇందాక ఎందుకు చెప్పలే?"

"నువ్వు అంత సంబురంగ చెప్తుంటివి. కాదని ఎట్లంటనే?"

తర్వాత రోజుల్లో బాపు ఒక పెద్ద కొలత తెచ్చాడు. గంజులు పట్టుకుని పిల్లలం వెళ్లేవాళ్లం, పెద్దవాళ్లు రావడం మానేశారు. మాట పోయింది, తర్వాత దెప్పుకోవడమూ పోయింది. చివరికి కొట్టం కూడా పంచుకుని చిన్నబాపువాళ్లు గుడిమల్కాపూర్ వైపు వెళ్లిపోయారు. దానికి వేరే కారణాలు చాలా ఉన్నాయని, ఐదో తరగతి పిల్ల చెప్పిన జవాబుతో ఇల్లు విడిపోదని నాకు తెలుసు. అయినా, ఆ ఇద్దరు కోడళ్లకు మరికొన్ని సాయంత్రాలు దొరికి ఉంటే ఏమయ్యేదోనన్న బాధ పోలేదు.

ఇప్పుడు మా మనవరాలికి నిష్పత్తి లెక్కలు నేనే చెబుతున్నాను. దానికి చిటికెలో చేసే పద్ధతి బడిలో నేర్పారు. నేను మాత్రం గోళీలు తెచ్చి నేల మీద దఫాలుగా పంచమంటాను. "ఎందుకు నానమ్మా ఇంతసేపు?" అని విసుక్కుంటుంది. విసుక్కుంటూనే నా పక్కన కూర్చుంటుంది. వంటింట్లోంచి కోడలు వచ్చి చూస్తుంది, పేపర్ పక్కన పెట్టి కొడుకూ ఒక గోళీ అందిస్తాడు. జవాబు నాకు ముందే తెలుసు. చెప్పను.