పీట మీద నిలబెట్టిన తలుపులు

నాలుగు చెక్క తలుపులు మొన్న నన్ను ఎట్ల ఆగం చేసినయో చెప్తా, జర చాయ్ కప్పు పక్కన పెట్టి వినుండ్రి. తాగుకుంట వింటే పొలమారుతది.

మా వంటింట్ల ప్లాట్‌ఫామ్ కింద ఇన్నేండ్లు ఏముండె? పరదా. మా అత్తమ్మ పాత చీర, దానికో తాడు. సిలిండర్, బియ్యం డబ్బ, మాడిన గిన్నెలు అన్నీ దాని ఎనుకనే. నేనేమో ఇంట్లనే బ్లౌజులు, లెహంగలు కుడత. కస్టమర్లు ఇంటికే వస్తరు. ఫ్యాన్ గాలికి ఆ పరదా లేస్తే నా సంసారమంత వాళ్లకు కనపడతది. ఊరందరికి ఫిట్టింగ్ గురించి చెప్పేదాన్ని, నా వంటింటికి మాత్రం పాత చీర. అందుకే ఈసారి పట్టుబట్టి కార్పెంటర్‌తోని ప్లాట్‌ఫామ్ కిందికి చెక్క డబ్బాలు చేయించిన, వాటికి తలుపులు కూడ.

మా అత్తమ్మ ఉండేది కేసముద్రంల. ఫోన్ చేసి సంబురంగ చెప్పిన. ఆమె ఏమన్నదో తెల్సా?

"తలుపులెందుకు బిడ్డా, దండుగ. కుట్టు మిషన్ ఇంట్లనే ఉన్నది, నువ్వు కూసుంటె చిటికెల పరదా అయితది. నా పచ్చ చీర ఒకటి ఇంక గట్టిగనే ఉంది. వచ్చేటప్పుడు తెస్త."

ఇగ నాకు గుబులు మొదలైంది. ఆమె మోకాళ్లు దవాఖానల చూపెట్టుకోను ఐతారం సాయంత్రం బండికి వస్తాంది. మా అత్తమ్మ మంచిదే, కడుపుల ఏం పెట్టుకోదు. గని ఆమె కట్టిన పరదాను ఆమె కండ్ల ముందట విప్పే ధైర్యం మా ఇంట్ల ఎవ్వలకు లేదు. ఆ పచ్చ చీర ఒక్కసారి తాడు ఎక్కిందంటే నేను ముసలిదాన్ని అయ్యేదాక దిగదు. ఆమె వచ్చే లోపల తలుపులు సక్కగ బిగియ్యాలె, అంతే.

కార్పెంటరేమో డబ్బాలు నిలబెట్టి, తలుపులకు హింజెస్ బిగిచ్చి, వాటిని గోడకు ఆనిచ్చి, "చెల్లె పెండ్లుంది అక్కా, వచ్చే వారం వచ్చి పెడత" అని పోయిండు. మా ఆయన కాజీపేటల రైల్వే గార్డు. డ్యూటీకి బూట్లు తొడుక్కుంట, "వారం ఆగితే ఏమైతది? నువ్వు మాత్రం ముట్టకు" అన్నడు. ముట్టకు అన్నంక ఎవలన్న ఊకుంటరా?

ఫోన్ల వీడియో పెట్టుకోని చూసిన. ఈ కొత్త తీరు హింజెస్ బయటికి కనపడవు, తలుపు లోపలి దిక్కు దాక్కుంటయి. తలుపును బార్ల తెరిచిన తీరుగ పట్టుకోని, హింజ్ ప్లేట్‌ను డబ్బ పక్క చెక్కకు బిగియ్యాలె. ఎత్తు జర తేడా వచ్చిందా, పక్క తలుపుతోని కలవదు. వీడియోల ఇద్దరున్నరు, ఒకలు పట్టుకుంటే ఒకలు బిగిస్తాన్రు. ఇక్కడ నేనొక్కదాన్ని. ఎట్ల మరి?

అప్పుడు నాలోని టైలర్ లేచింది. లెహంగ అంచు ఎట్ల కొలుస్తం? పిల్లను నిలబెట్టి నేల నుంచి పైకి కొలుస్తం. నడుము వంకరున్నా, పొట్ట ముందుకున్నా, నేల నుంచి సమానంగ ఉంటే అంచు సక్కగ వస్తది. తలుపు కూడ గంతే కద అనుకున్న. దేవునికాడి పీట తెచ్చి నేల మీద పెట్టిన. పీట మీద తలుపు నిలబెట్టి, భుజంతోని ఆపి, ప్లేట్ బిగిచ్చిన. పీట జరిపి రెండోది. మళ్ల జరిపి మూడోది. నీళ్లు పోయే మోరి పక్కకు ఆఖరిది. పీట ఒక్కటే, ఎత్తు ఒక్కటే. నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

అన్నీ మూసి, వంటింటి గడపకాడికి పోయి దూరం నుంచి చూసిన. పై అంచులు మెట్లు దిగినట్టు దిగుతానయ్. మొదటిది ప్లాట్‌ఫామ్ బండకు ఆనుకోని ఉంది. రెండోది జర కింద, మూడోది ఇంక కింద. ఆఖరిదాని మీద అయితే రెండు వేళ్లు పట్టేంత సందు.

టేప్ తెచ్చి నేల నుంచి కొలిచిన. నాలుగూ సమానం. మళ్ల దూరం పోయి చూసిన. మెట్లే. తిక్క లేసి స్క్రూలు తిప్పుడు షురూ చేసిన. ఆ హింజ్‌కు ఒక స్క్రూ తిప్పితే తలుపు పక్కకు పోతది, ఇంకోటి తిప్పితే ముందుకొస్తది, ప్లేట్ మీదిది వదులు చేస్తే పైకి కిందికి జరుగుతది, అది కూడ గోరంత. మూడోదాన్ని జరిపితే పోయి రెండోదాన్ని గుద్దింది. రెండోదాన్ని జరిపితే మొదటిది తెరుసుకుంటలేదు. ఆఖరిదైతే ఎన్నిసార్లు మూసినా నన్ను చూసి నోరు తెరుస్తాంది.

అంతల మా ఆయన డోర్నకల్‌ల డ్యూటీ దిగి ఫోన్ చేసిండు.

"తలుపులు ముట్టలే కద?"

"ముట్టలే. గని ఇల్లు కట్టిన మీ మేస్త్రి బండ వంకరగ ఏసిండు."

"ముట్టకుంటనే ఎట్ల తెల్సింది?"

ఫోన్ పెట్టేసిన.

అత్తమ్మ రానే వచ్చింది. ఆటో దిగుతుంటెనే చూసిన, సంచిల పైననే పచ్చ చీర. మంచినీళ్లు తాగి, సక్కగ వంటింట్లకు నడిచింది. నేలంత చెక్క పొట్టు చూసి, "ముందుగాల ఇది కడుగుదాం" అని బకెట్ నీళ్లు గుమ్మరించింది.

నేను చీపురు పట్టుకోని నిలబడ్డ. నీళ్లు మొదటి తలుపు కింద నుంచి రెండోదాని కిందికి, అటెన్క మూడోది, ఆఖరిది, బిరబిర మోరిల పడ్డయి. నా తలుపులు కూడ అదే దారిల దిగినయి. వంటిల్లు కడిగితే నీళ్లు నిల్వొద్దని మేస్త్రి నేలను మోరి దిక్కు జర దించి వాటం ఇచ్చిండు. బండ సక్కగనే ఉంది. వాటమున్న నేలను నమ్ముకోని పీట జరుపుకుంట పోయింది నేను. నిత్యం నేను కడిగే నేలనే అది. లెహంగ వేసుకున్న పిల్ల ఒక్క జాగలనే నిలబడతది, పీట లెక్క జరగదని నాకు అప్పుడు యాదికొచ్చింది.

దాచుడెందుకని అత్తమ్మకు మొత్తం చెప్పిన. ఆమె మోకాళ్ల నొప్పి మరిచి, పీట మీద కూలబడి, కొంగు నోట్ల కుక్కుకోని నవ్వింది.

"పరదా అయితే ఇంత తిప్పలుండునా బిడ్డా?"

"ఒక్క రోజు ఇయ్యి అత్తమ్మా. రేపటికి సక్కగ రాకపోతే నేనే నీ చీర కుడత."

తెల్లారి నేల దిక్కే చూడలే. బండ కింది అంచు నుంచి కిందికి కొలిచి గీతలు గీసిన. అత్తమ్మ కుర్చేసుకోని కూసోని తలుపులు పట్టింది, నేను బిగిచ్చిన. పాత బొక్కలల్ల పుట్టీ పెట్టిన. అన్నం టైముకు నాలుగు తలుపుల పై అంచు ఒక్క గీతల ఉంది. చేత్తో తోస్తే మెల్లగ పోయి సప్పుడు లేకుంట మూసుకుంటానయ్. నిజం చెప్తాన, నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

అత్తమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి, రెండు మూడు సార్లు ఆఖరి తలుపు తీసింది, మూసింది. అటెన్క నన్ను పిలిచింది.

"బిడ్డా, ఇది నిన్ననే మంచిగుండె."

"ఏంది అత్తమ్మా?"

"మీద సందు ఉండె కద, వేళ్లు దూర్చి గుంజితే వచ్చేది. ఈ చిన్న నాబ్ నా తడి చేతికి దొరుకుతలేదు. దీన్నొక్కదాన్ని జర కిందికి దించు. లేకుంటె దీనికొక్కదానికి..." అని సంచి దిక్కు చూసింది.

నేను స్క్రూడ్రైవర్ అందుకున్న. పుట్టీ ఇంక ఆరనే లేదు. గీకి, ఆఖరి తలుపును మళ్ల నిన్నటి వంకరకే బిగిచ్చిన. ఈసారి అయితే మొదటి దెబ్బకే కుదిరింది.

అత్తమ్మ ఖుషీ. పచ్చ చీర ఆమెనే కట్టుకోని దవాఖానకు పోయింది. ఇగ నాకు పరదా ఫికరే లేదు.

పెండ్లి అయినంక కార్పెంటర్ వచ్చిండు. మూడు తలుపుల మీద చెయ్యి పెట్టి చూసి, "ఎవలు పెట్టిండ్రు అక్కా? నూలు దారం పట్టి గీసినట్టు సక్కగున్నయి" అన్నడు. నేనే అని చెప్పిన, కొంగు సదురుకుంట. ఆఖరిదాని మీది సందుల రెండు వేళ్లు దూర్చి చూసిండు.

"ఇదొక్కటి బావ పెట్టిండా?"

"ఔను తమ్మీ, చెప్తే వింటడా ఆయన?" అన్న.

మా ఆయన నా ఎనుకనే చాయ్ గ్లాస్ పట్టుకోని నిలబడ్డడని నాకేం తెల్సు?