గాలివాన నాటి పియానో పాఠం

ఈ ఉదయం తలుపు తీయగానే, గాలికి విరిగి వాకిట్లో పడిన దేవదారు కొమ్మ వాసన, నిమ్మతొక్కా కర్పూరమూ కలిపి నలిపినట్టుండే పచ్చి వాసన, ముక్కుకు తగిలింది. అందరికీ హాయిగా ఉండే ఆ వాసనకి నేను మాత్రం తలుపు మూసేసుకుంటాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అంటే రెండువేల రెండు ప్రాంతంలో, మేం పరాయి దేశంలో, బాతెల్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. శీతాకాలమంటే నాలుగున్నరకే ముసిరే చీకటి, వారాల తరబడి ఆగని జల్లు, హీటర్ మీద ఆరుతున్న మేజోళ్ళ వాసన, అపార్ట్‌మెంట్ మెట్ల కింద పిల్లలందరం ఆడుకునే దాగుడుమూతలు, కార్తీకమాసంలో బాల్కనీలో గాలికి నిలవని దీపానికి అమ్మ అడ్డంపెట్టే అట్టపెట్టె, బడి నుంచి వస్తుంటే కార్‌లో ఫాయిల్ విప్పి తినే మిరపకాయ బజ్జీలు.

గురువారాలు పియానో పాఠం ఉండేది. మా టీచర్ మదాం ఎలెన్ ఫ్రాన్స్‌లో పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి, భర్త పోయాక పెద్ద పెద్ద చెట్ల మధ్య చెక్క ఇంట్లో ఒంటరిగా ఉంటున్న ముసలావిడ. చక్కెర బిళ్ళని కాఫీలో ముంచి చప్పరించేది. వేళ్ళు కనబడనంత చీకటి పడితే తప్ప లైటు వేసేది కాదు. ఆ ఏడాది ఆవిడ నాకు నేర్పినది ఒక చిన్న ఫ్రెంచి సంగీత రచన. ఎడమచేయి అడుగున ఒక స్వరం నొక్కి, పైన మెల్లగా రెండు మూడు స్వరాలు కలిపి వదులుతుంది. కుడిచేయి చాలాసేపు ఊరికే ఉండి, ఎవరో దిగులుగా మెట్లు దిగుతున్నట్టు ఆలస్యంగా వస్తుంది. వాయించడం చాలా తేలిక. కానీ స్వరానికీ స్వరానికీ మధ్య ఎంత నిశ్శబ్దమంటే, నా వెనక ఎవరో నిలబడి ఉన్నారనిపించి వీపు జలదరించేది.

ఇంట్లో వాయిస్తుంటే అమ్మ వంటింట్లోంచి, "ఏంటే అది, ఎవరో పోయిన ఇంట్లోలాగా! హుషారైందేమన్నా నేర్పమను" అనేది.

భయమేస్తోందని చెబితే మదాం నవ్వలేదు. వందేళ్ళ కిందట పారిస్ హాళ్ళలో పెద్ద పెద్ద వాద్యబృందాలు ఉరుముతుంటే, ఆ హోరుకి విసిగిపోయిన కొందరు వీలైనన్ని తక్కువ స్వరాలతో ఇలాంటివి రాశారని చెప్పింది. "గది నిండా సామాను పెడితే వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు? వినేవాళ్ళ దిగులు కూర్చోవడానికి ఇందులో చోటుంది" అంది. నాకు సగమే అర్థమైంది.

ఒక గురువారం, అప్పటికి ఆరో నెల కడుపుతో ఉన్న అమ్మ, "కొత్తిమీర తెచ్చుకుని గంటలో వచ్చేస్తా" అని నన్ను దింపి వెళ్ళింది. పాఠం సగంలో గాలి లేచింది. మొదట చిమ్నీలో ఈల, తర్వాత చెట్లన్నీ ఒక్కసారిగా మూలుగు. కరెంటు పోయింది. గంట గడిచిపోయినా అమ్మ రాలేదు. మదాం ఫోనెత్తి విని పెట్టేసింది, అందులో చప్పుడే లేదు. అంతలో నేల అదిరి, చెట్టు మీదపడి వంటింటి వైపు కప్పు ఫెళ్ళుమని కూలింది. కిటికీ అద్దాలు పగిలిన చప్పుడు వెనకే చల్లగాలి, విరిగిన దేవదారు వాసన ముందుగదిలోకి దూసుకొచ్చాయి.

మదాం నన్ను గోడవారన ఉన్న పియానో దగ్గరికి లాగి, పక్కన కూర్చోబెట్టుకుంది. నా భుజాన్ని నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది.

"మీకు భయమేస్తోందా?" అనడిగాను.

"చాలా" అంది. పెద్దవాళ్ళు ఆ మాట ఒప్పుకోగా నేనెప్పుడూ వినలేదు. గాలివాన కంటే దానికే ఎక్కువ బెదిరిపోయాను. "వాయించు. నాకోసం" అంది.

చీకట్లో నాకు చూడకుండా వచ్చింది ఆ దిగులు పాట ఒక్కటే. ప్రతి ఖాళీలోనూ ఊపిరి బిగబట్టి అమ్మ కారు చప్పుడు కోసం వెతికాను. ఆ ఖాళీలు ఉంటేనే వినగలను కాబట్టి, మొదటిసారి తొందరపడకుండా వాయించాను. అయిపోగానే మళ్ళీ మొదలుపెట్టాను. భుజం మీది పట్టు కొంచెం కొంచెంగా సడలింది.

కారు చప్పుడు రాలేదు. తలుపు మీద బాదుడు వినిపించింది. అమ్మ! రోడ్డుకడ్డంగా పడిన చెట్టు దగ్గర కారు వదిలేసి, కడుపు పట్టుకుని వానలో నడిచొచ్చింది. తల నుంచి పాదాల దాకా నీళ్ళు కారుతున్నాయి.

"వైర్లు తెగి రోడ్డు మీద పడున్నాయే, ఎక్కడ కాలు పెట్టాలో తెలీలా" అంది నన్ను గుచ్చి కౌగిలించుకుని. "సందు మొదట్లోంచే ఇంటి మీద చెట్టు కనపడింది. అక్కడే ఆగిపోయాను. అప్పుడు వినపడింది నీ పియానో."

తమ్ముడు క్షేమంగా పుట్టాడు, ఇప్పుడు నా ఎత్తు దాటేశాడు. మదాం ఆ వేసవిలోనే వేరే రాష్ట్రంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయి, కొన్నేళ్ళకు అక్కడే కన్నుమూసింది. ఆ ఇల్లు లేదు, చెట్లు కొట్టేసి వరసగా టౌన్‌హోమ్‌లు కట్టారు. అమ్మ ఎక్కడుందో ఇప్పుడు ఫోన్‌లో మ్యాపు మీద చిన్న చుక్కగా కనబడుతుంది, తెలియకపోవడమనేదే లేకుండా పోయింది. మదాం నేర్పిన ఆ రచనని ఇప్పుడు డెంటిస్ట్ ఆఫీసుల్లోనూ, మసాజ్ గదుల్లోనూ వేస్తున్నారు, మనసుకి ప్రశాంతంగా ఉంటుందట. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుంటారు. నేను తలుపు వైపు చూస్తూ కూర్చుంటాను.